మీ ప్రశ్న – డాక్టర్ జవాబు: వాగు అవతలి దీవులు

పోయిన నెల ఇదే పేజీలో షుగర్ గురించి రాస్తూ నౌరు అనే దీవి పేరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను. వచ్చిన ఉత్తరాలు చూస్తే అలా వదిలేయడం తప్పైందని తెలిసింది. అందులోంచి ఐదు తీసుకున్నాను. పేర్లు వేయడం లేదు, ఊర్లు కూడా అవసరమైనంత వరకే.

*

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను హనుమకొండలో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నా. సోషల్ డిటర్మినెంట్స్ ఆఫ్ హెల్త్ (అంటే ఆరోగ్యాన్ని నిర్ణయించే సామాజిక పరిస్థితులు) మీద అసైన్‌మెంట్ ఇచ్చారు, ఏదో ఒక దీవి తీసుకుని రాయమన్నారు. మీరు చెప్పిన నౌరునే తీసుకున్నా. ఎక్కడ చూసినా వాళ్లు బాగా తింటారు, లావుగా ఉంటారు, అందుకే షుగర్ అని రాసి ఉంది. నా ఫ్రెండేమో కాదు, జీన్స్ అంటోంది. ఏది రాయాలి? అసలు ఎక్కడో సముద్రంలో ఉన్న దీవితో మనకేం పని సార్?

జవాబు: రెండూ రాయమ్మా, రాసి కింద "మరి వాళ్ల తాతల కాలంలో ఎందుకు లేదు?" అని ఇంకో ప్రశ్న వెయ్యి. మార్కులు అక్కడ పడతాయి.

నౌరు పసిఫిక్ సముద్రంలో 21 చదరపు కిలోమీటర్ల నేల. మన గ్రేటర్ వరంగల్ 400 దాటుతుంది, కాబట్టి ఎంత చిన్నదో నువ్వే ఊహించుకో. కొబ్బరి, మొగలి జాతి చెట్ల కాయలు, చేపలు, ఇవీ పాత తిండి. దీవి మధ్యలో బువాడా అనే మడుగు ఉంది. సముద్రంలో పట్టిన చేపపిల్లల్ని తెచ్చి అందులో వదిలి పెంచుకునేవాళ్లు, మన చెరువుల్లో పెంచినట్టే. 1907లో అక్కడ ఫాస్ఫేట్ తవ్వకం మొదలైంది. ఆ ఎరువుతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలు పచ్చబడ్డాయి, నౌరులో మాత్రం తవ్వగా తవ్వగా ఐదింట నాలుగు వంతుల నేల సున్నపురాయి మొనలు తేలి, ఒక్క మొక్క పెట్టుకోవడానికి కూడా పనికిరాకుండా పోయింది. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం. 1943లో జపాన్ వాళ్లు దాదాపు 1,200 మంది నౌరు మనుషుల్ని ఓడలెక్కించి ట్రక్ (ఇప్పుడు చూక్ అంటారు) దీవులకు కూలికి తోలుకుపోయారు. 1946 జనవరిలో తిరిగొచ్చింది 737 మంది. 1968లో స్వాతంత్ర్యం వచ్చింది, ఫాస్ఫేట్ డబ్బులు చేతికి అందాయి, కొన్నాళ్లు తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే పై వరసలో ఉన్నారు. కానీ తోట లేదు. తాగే నీళ్లకే కటకట. తినేదంతా ఓడలో రావాల్సిందే, ఓడలో ఏమొస్తుంది? చెడిపోనివి వస్తాయి. తెల్ల బియ్యం, చక్కెర, డబ్బా మాంసం. 1975-76లో సర్వే చేస్తే పెద్దవాళ్లలో సుమారు ముగ్గురికి ఒకరికి షుగర్ తేలింది.

మీ ఫ్రెండ్ చెప్పేది కూడా గాలి మాట కాదు. 1962లో జేమ్స్ నీల్ అనే జన్యు శాస్త్రవేత్త ఒక వాదం తెచ్చాడు: కరువుల్లో బతికి బట్టకట్టిన వాళ్ల ఒంట్లో తిన్నదాన్ని దాచుకునే గుణం ఎక్కువ ఉంటుందని, తిండి పెరిగినప్పుడు అదే ఎదురు తిరుగుతుందని. ఉండొచ్చు. కానీ జన్యువులు రెండు తరాల్లో మారిపోవు. వాళ్ల విషయంలో మారింది కాళ్ల కింది నేల, ఓడలో దిగే సరుకు.

ఇక మనకేం పని అంటావా. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేసే ఒకాయన షుగర్‌తో వచ్చేవాడు. టైముకి తినాలి, కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తినాలి, అన్నం తగ్గించి కూరలు, పండ్లు పెంచాలి అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. ఆయన మర్యాదగా అంతా విని, "సారూ, లారీ వచ్చినప్పుడే పని, పని ఐనంకనే బువ్వ. మీరు చెప్పిన టైము లారీకి చెప్పాలె" అన్నాడు. నాకు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. ఆయన చెప్పిందే నీ సిలబస్ అని అర్థమవడానికి నాకు చాలా ఏండ్లు పట్టింది.

మన దిక్కు ఒకప్పుడు జొన్న గటక, అంబలి, రొట్టె. తర్వాత కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, ఇప్పుడు రేషన్‌లో సన్నబియ్యం. ఆ బియ్యాన్ని నేను తిట్టను. ఎంత మంది కడుపు నింపిందో కళ్లారా చూశాను. కానీ జొన్న పండించే చెలకలో పత్తి వేసి, పల్లెం నిండా అన్నం, మీద పచ్చడి, పొద్దుగూకి చక్కెర చాయ్, ఇట్లా బతుకుతున్న ఊరికి ఓడ రాకపోయినా నౌరుకు మరీ అంత దూరం కాదు. అసైన్‌మెంట్‌లో ఈ ముక్క నీ మాటల్లో రాసుకో, నాది దించకు, మీ మేడమ్ ఈ పత్రిక చదివితే దొరికిపోతావు.

*

ప్రశ్న: సారూ, మాది ములుగు జిల్లాలో వాగు అవతల గూడెం. పోయిన వానాకాలం మా చెల్లెకు నొప్పులు మొదలైనప్పుడు వాగు నిండుగా పారుతోంది. మంచం మీద పడుకోబెట్టి మోసుకుంటూ, నీళ్లు కాస్త తగ్గేదాకా ఆగి, అవతలి గట్టుకు చేర్చేసరికి తెల్లారింది. చెల్లె బతికింది, బిడ్డ దక్కలేదు. ఆసుపత్రిలో "నెలలు నిండినయని తెలుసు కదా, ముందే ఎందుకు రాలేదు" అని అందరి ముందు తిట్టారు. అప్పటి నుంచి మా అమ్మ తనదే తప్పని ఏడుస్తోంది. తప్పు మాదేనా?

జవాబు: తమ్మీ, ముందు ఈ ముక్క మీ అమ్మకు చదివి వినిపించు. అమ్మా, తప్పు నీది కాదు. ఆ రాత్రి వాగు దాటించి నీ కూతుర్ని దక్కించుకున్నావు. ఆ మాట అన్నవాళ్లెవరో నాకు తెలియదు గానీ, ఏజెన్సీలో పనిచేసిన రోజుల్లో అదే మాట నేనూ అన్నవాణ్ణే, నా నోటితో, ఒకసారి కాదు. రాత్రంతా నిద్ర లేక, కళ్ల ముందు బిడ్డ పోతుంటే ఏం చేయాలో తోచక, ఎదురుగా ఉన్న మనిషి మీద పడిపోతాం. కారణం చెప్తున్నాను, సమర్థించుకోవడానికి కాదు.

కాన్పు చావుల గురించి 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక లెక్క చెప్పారు, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఆలస్యం మూడు చోట్ల జరుగుతుంది. పోదామని ఇంట్లో తేల్చుకోవడంలో ఒకటి, దారిలో ఒకటి, ఆసుపత్రికి చేరాక వైద్యం మొదలవడంలో ఒకటి. మనవాళ్లు తిట్టేది ఎప్పుడూ మొదటిదాన్నే, ఎందుకంటే అది చేసినవాళ్లు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. వాగును ఎవరు తిడతారు? ఇంకో సంగతి, ఈ మూడూ విడివిడిగా ఉండవు. పోతే తిడతారని, పోయినా డాక్టరు ఉంటాడో లేడో అని అనుభవం ఉన్న మనిషి ఇంట్లోనే ఇంకో గంట ఆగుతుంది. మూడో ఆలస్యమే మొదటిదాన్ని పుట్టిస్తుంది.

"ముందే రావడం" అనేది చెప్పినంత తేలిక కాదు. పది పదిహేను రోజుల ముందు రావాలంటే ఎక్కడుండాలి? వెంట వచ్చిన మనిషికి తిండి ఎవరు పెడతారు? నాట్ల కాలంలో కూలి పోతుంది, ఇంటి దగ్గర పెద్ద పిల్లల్ని, మేకల్ని ఎవరు చూస్తారు? సర్కారు లెక్క ప్రకారం గిరిజన ప్రాంతంలో 3 వేల మందికి ఒక సబ్‌సెంటర్, 20 వేల మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలి, మైదానంలో ఐతే 5 వేలు, 30 వేలు. అడవిలో జనం పలచగా ఉంటారని అక్కడ తగ్గించారు, మంచిదే. కానీ లెక్క తలలకు ఉంది, వాగులకు లేదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రోజుల్లోనే జంపన్నవాగు కొండాయిని ఎట్లా చుట్టుముట్టిందో, మోరంచవాగు మోరంచపల్లిని ఎట్లా ముంచిందో మీకు నేను చెప్పాలా? గోదావరి మధ్యలో ఎత్తుగా ఉన్న నేలను కుర్రు అంటాం కదా, వానాకాలం రెండు మూడు నెలలు మీ గూడెం కూడా ఒక కుర్రే, మ్యాపులో కనిపించదంతే.

తెలంగాణలో 2018-20 లెక్క ప్రకారం బతికి పుట్టిన లక్ష మంది బిడ్డలకు 43 మంది తల్లులు చనిపోయారు. దేశం మొత్తానికి ఆ సంఖ్య 97. గర్వపడాల్సిన మాటే. కానీ సగటు అంటే హైదరాబాద్‌లో ఆసుపత్రి పక్కింట్లో ఉన్నామెను, మీ చెల్లెను కలిపి చేసిన భాగహారం. మీ గూడెం సంగతి ఆ 43లో కనిపించదు.

దీవుల మాట కాబట్టి శ్రీలంక చెప్తాను. 1926లో కళుతర దగ్గర హెల్త్ యూనిట్ అని మొదలుపెట్టారు. దాంట్లో ముఖ్యమైన మనిషి మంత్రసాని పని నేర్చిన ఉద్యోగిని. ఆమె ఆ ఊళ్లలోనే ఉంటుంది, ఇంటింటికీ తిరుగుతుంది, ఎవరికి ఎన్నో నెలో పుస్తకంలో రాసుకుంటుంది. 1940లలో ఆడపిల్లలతో సహా అందరికీ ఉచిత చదువు కూడా వచ్చింది. పెద్ద డబ్బున్న దేశం కాదు, మధ్యలో ఏండ్ల తరబడి అంతర్యుద్ధం నడిచింది, ఐనా తల్లుల మరణాల్లో మన దేశం కన్నా చాలా కింద ఉన్నారు. 2016లో మలేరియా లేని దేశమని కూడా అనిపించుకున్నారు. గొప్ప మిషన్లు కొని చేసింది కాదు ఇది, మనిషిని ఊళ్లో నిలిపి చేశారు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. అదే ములుగు జిల్లాలో లక్నవరం చెరువు ఉంది, కాకతీయుల నాటిది, మధ్యలో దీవులు, వాటి మీదికి వేలాడే వంతెనలు. మనవళ్లతో పోయి ఆ వంతెన మీద ఫోటోలు నేనూ దిగాను. దీవికి వంతెన వేయడం మనకు రాని పని కాదు.

ఇప్పుడు పనికొచ్చే మాట. గూడెంలో ఇంకెవరికైనా జూన్ నుంచి అక్టోబర్ లోపల నెలలు నిండుతుంటే, మేలోనే ఆశా కార్యకర్తతో, ఏఎన్ఎంతో చెప్పి పేర్లు, తేదీలు ఒక కాగితం మీద రాయించి పీహెచ్‌సీలో, ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థ ఆఫీసులో) ఇవ్వండి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. తేదీకి కనీసం రెండు వారాల ముందు 102 బండి వచ్చేచోటికి, వాగు ఇవతలికి తేవాలి. ఎక్కడుంచుతారు, తోడు మనిషికి తిండి ఎట్లా అని అదే కాగితంలో అడగండి. నోటితో అడిగితే "చూద్దాం" అంటారు. చెల్లెను మళ్లీ గర్భం రాకముందే ఒకసారి డాక్టరుకు చూపించి రక్తం పరీక్ష చేయించు.

*

ప్రశ్న: నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి, వరంగల్. మీరు ప్రతిదానికీ సమాజం, ప్రభుత్వం అంటారు. తాగొద్దంటే తాగుతారు, గుట్కా తింటారు, టీకా వేయించమంటే పారిపోతారు. మనిషికి బాధ్యత లేదా?

జవాబు: ఉంది మాస్టారూ. బిడ్డకు టీకా వేయించని తండ్రిని నేను మెచ్చుకోను. కానీ మీరు లెక్కలు చెప్పారో సోషల్ చెప్పారో నాకు తెలియదు గానీ, ఈ రెండు కథలు క్లాసులో చెప్పదగినవి.

సమోవా అని పసిఫిక్‌లోనే దీవులు. 1918లో పడమటి భాగం న్యూజిలాండ్ చేతిలో, తూర్పు భాగం అమెరికా చేతిలో ఉండేది. ఒకే జాతి, ఒకే భాష, చుట్టరికాలు కూడా అటూ ఇటూ. ఆ ఏడాది నవంబర్ 7న టాలూన్ అనే ఓడ ఆక్లండ్ నుంచి పడమటి భాగంలోని అపియా రేవుకు వచ్చింది, ఓడలో ఇన్‌ఫ్లుయెంజా రోగులున్నా దిగనిచ్చారు. పడమటి సమోవాలో ఐదుగురిలో ఒకరికి మించి చనిపోయారు. తూర్పున ఉన్న అమెరికా గవర్నర్ ఓడల్ని ఆపి క్వారంటైన్ పెట్టాడు. అక్కడ ఒక్కరూ చావలేదు. పడమటి వాళ్లకు బాధ్యత లేకనా?

సరిగ్గా నూరేండ్ల తర్వాత, 2018లో, అదే సమోవాలో ఇద్దరు పసిపిల్లలు తట్టు లాంటివి రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా వేసిన నిమిషాల్లో చనిపోయారు. తప్పు టీకాది కాదు, పొడిలో కలపాల్సిన నీళ్లకు బదులు నర్సులు మత్తు ఇచ్చేటప్పుడు వాడే, గడువు దాటిన మందు కలిపారు. ప్రభుత్వం నెలల తరబడి టీకాలు ఆపేసింది, జనం నమ్మకం పోయింది, టీకా వేసుకున్న పసిపిల్లలు మూడో వంతుకు కూడా రాలేదు. 2019 చివర్లో తట్టు వచ్చింది. 83 మంది చనిపోయారు, ఎక్కువ మంది ఐదేండ్లలోపు పిల్లలే. మొత్తం జనాభా 2 లక్షలు, అంటే మన ములుగు జిల్లా కన్నా తక్కువ, అందులో 83. డిసెంబర్‌లో రెండు రోజులు దేశమంతా బంద్ పెట్టి, టీకా వేసుకోని ఇంటి ముందు ఎర్ర గుడ్డ కట్టమన్నారు, బండ్లు ఇంటింటికీ వచ్చి వేశాయి. జనం గుడ్డలు కట్టారు సార్, పారిపోలేదు. పారిపోయేవాళ్లు ఎందుకు పారిపోతున్నారో ఎవరైనా కూర్చుని అడిగారా అన్నదే నా ప్రశ్న.

మీరు సర్కారు కొలువు చేశారు కాబట్టి ఇంకొకటి. లండన్‌లో 1967 నుంచి దాదాపు 18 వేల మంది ప్రభుత్వ ఉద్యోగుల్ని ఏండ్ల తరబడి గమనించారు, వైట్‌హాల్ అధ్యయనం అంటారు. అందరికీ జీతముంది, వైద్యం ఉచితం, ఎవరూ బీదవాళ్లు కాదు. ఐనా అట్టడుగు గ్రేడులో ఉన్నవాళ్ల మరణాల రేటు పై అధికారుల కన్నా సుమారు మూడు రెట్లు. పొగ తాగడం తేడా తీసేసినా చాలా తేడా మిగిలింది. మీ స్కూల్లో హెడ్‌మాస్టర్‌ను, అటెండర్‌ను గుర్తు చేసుకోండి. ఎవరు ముందు పోయారు?

*

ప్రశ్న: వాగు అవతలి వాళ్లకు ఇవతల ఇండ్లు కట్టిస్తామంటే రారు. మళ్లీ రోడ్డు లేదంటారు. ఎందుకు రారు? – భూపాలపల్లి నుంచి

జవాబు: నౌరు వాళ్లనూ అలాగే అడిగారు. మీ దీవి పాడైపోయింది, ఆస్ట్రేలియా తీరంలో కర్టిస్ దీవి ఇస్తాం, అక్కడికి రండి అన్నారు. 1964లో వాళ్లు కుదరదన్నారు. అక్కడికి పోతే మేము నౌరు వాళ్లం కాకుండా పోతామన్నారు. మన దగ్గర ఇంకా సూటి కారణం ఉంది: ఇల్లు ఇవతల ఇస్తారు, పోడు భూమి అవతల ఉంటుంది. ఇప్పపువ్వు, తునికాకు అవతల ఉంటాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయలకైతే ఇక్కడ ఎస్టీ గుర్తింపు కూడా లేదు, కదిలితే ఉన్నది కూడా పోతుందని భయం. రెండు గదుల ఇంటి కోసం మీరు మీ ఎకరాలు వదులుతారా?

*

ప్రశ్న: డాక్టర్ గారూ, మీ కాలమ్ ఇష్టమే కానీ ఈ మధ్య అంతా గూడేలు, దీవులు అంటున్నారు. మేము హనుమకొండ నాలా పక్క కాలనీలో ఉంటాం, సందుకో ఆసుపత్రి. మాలాంటి వాళ్లకు పనికొచ్చేవి రాయండి. మా నాన్నగారు డయాలసిస్ పేషెంట్, వారానికి మూడుసార్లు. 2023 వరదల్లో ఒక్కసారి మాత్రం మిస్ అయింది, అదీ కాలనీలో నడుము లోతు నీళ్లు రావడం వల్ల.

జవాబు: మీ ఉత్తరం చివరి వాక్యం మీరే ఇంకోసారి చదవండి. ఆ రోజు మీరు ఎక్కడున్నారు, దీవిలో కాదా?

2017 సెప్టెంబర్‌లో అమెరికా కింద ఉన్న ప్యూర్టోరికో అనే కరీబియన్ దీవి మీద మరియా తుపాను పడింది. మొదట 64 మంది చనిపోయారన్నారు, అంటే గోడ కూలి, నీళ్లలో కొట్టుకుపోయి. ఏడాది తర్వాత మళ్లీ లెక్క కట్టి 2,975 అని ఒప్పుకున్నారు. ఆ మిగిలిన రెండు వేల తొమ్మిది వందల మంది తుపాను నాడు పోలేదు. నెలల తరబడి కరెంటు లేక, ఆక్సిజన్ మిషన్ ఆగి, ఇన్సులిన్ పాడై, రోడ్డు తెగి ఆసుపత్రికి చేరలేక పోయారు. దాని పక్కనే వియెకెస్ అని ఇంకా చిన్న దీవి. అక్కడున్న ఒక్క ఆసుపత్రి దెబ్బతింది, డయాలసిస్ రోగులు వారానికి మూడుసార్లు విమానమెక్కి పెద్ద దీవికి పోయి రావాల్సి వచ్చింది. ఆ వయసులో, ఆ ఒంటితో.

మన దగ్గర 2020 ఆగస్టులో, 2023 జులైలో నీళ్లు వచ్చాయి, నయీంనగర్, హంటర్ రోడ్డు దిక్కు వాళ్లకు గుర్తే. కాబట్టి మీ నాన్నగారి సంగతి. వాన హెచ్చరిక వచ్చిందంటే ఆ వారం డయాలసిస్‌ను ఒకరోజు ముందుకు జరపగలరా అని సెంటర్‌కు ఫోన్ చేసి అడగండి, అడిగితే చాలాసార్లు కుదురుతుంది. మిస్ అయితే నీళ్లు, ఉప్పు ఎంతకు తగ్గించాలో, అరటిపండు, కొబ్బరినీళ్లు, టమాటా లాంటి పొటాషియం ఎక్కువున్నవి ఎన్నాళ్లు ఆపాలో మీ డాక్టరుతో ఇప్పుడే కాగితం మీద రాయించుకోండి. ఆయాసం, గుండె దడ, ఒళ్లు బాగా నీరసించడం కనిపిస్తే నీళ్లు తగ్గేదాకా ఆగకుండా 108కి, వార్డు ఆఫీసుకు రెండింటికీ ఫోన్ చేసి "డయాలసిస్ పేషెంట్" అనే మాట ముందు చెప్పండి, పడవలో ఎవరిని ముందు ఎక్కించాలో వాళ్లకు తెలియాలి. మందులు, రిపోర్టులు ప్లాస్టిక్ కవర్‌లో కట్టి పై అరలో పెట్టండి.

మీరు పై పోర్షన్‌లో ఉంటామని, కింద అద్దెకున్న కుటుంబం సామాను మొత్తం పోయిందని కూడా రాశారు. వాళ్లింట్లో ఎవరికైనా ఇన్సులిన్ ఉందేమో అడగండి, ఉంటే ఈసారి మీ ఫ్రిజ్‌లో పెట్టించండి.